కరువులో అడవి చెట్లు ఉన్న నీళ్ళతో ఎలా నెట్టుకొస్తాయి? (నల్లమద్ది వీడియో దగ్గర మొదలై...)

#1 · గుట్టకింద

2024 మార్చిలో పాపికొండల జాతీయ ఉద్యానవనంలో అటవీ సిబ్బంది నల్లమద్ది కాండం మీది బుడిపెను కొడితే నీళ్ళు ధార కట్టాయి కదా, ఆ వీడియో మళ్ళీ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద కామెంట్లన్నీ ఒకటే పాట: "ఊరంతా నల్లమద్ది పెడితే కరువు ఉండదు."

తెలిసినవాళ్ళు కాస్త విడమరచి చెప్పండి. ఆ నీళ్ళు చెట్టు కరువు కోసం దాచుకున్నవేనా? ఒకే గుట్ట మీద ఒకే ఎండకు టేకు మోడైపోతుంది, తునికి నడివేసవిలో చిగురేస్తుంది, ఏపి (నారేపి చెట్టు) పలచబడుతుంది కానీ పచ్చగానే ఉంటుంది. ఇంత తేడా ఎందుకు? "కరువుకు తట్టుకునే జాతి" అని నర్సరీల్లో బోర్డు పెడతారు, ఆ మాటకు అర్థం ఉందా?

#2 · తెల్లచెక్క

మొదటి ప్రశ్నకు జవాబు: కాదు. కనీసం మీరనుకుంటున్న అర్థంలో కాదు.

చెట్టులో నీరు పైకి పోయే గొట్టాలు తెల్లచెక్కలో (చేవ చుట్టూ ఉండే బయటి చెక్కలో) ఉంటాయి. పగటిపూట ఆ నీరు లాగుడు మీద ఉంటుంది. పైన ఆకు ఆవిరి చేస్తూ లాగుతుంది, కింద మట్టి వదలనంటుంది. అలా బిగిసిన గొట్టాన్ని కోస్తే నీరు బయటికి దూకదు, గాలి లోపలికి పోతుంది. కాబట్టి గొడ్డలి దెబ్బకు ధార వచ్చిందంటే అది ప్రవాహంలో ఉన్న నీరు కాదు. కాండం లోపల ఎక్కడో ఒక తిత్తిలో, బయటి గాలికంటే ఎక్కువ ఒత్తిడితో నిలిచిన నీరు. ఆ నీటికి ఘాటు వాసన, పులుపు ఉన్నాయని అప్పట్లో వార్తల్లోనే వచ్చింది. పారే నీటికి అవి ఉండవు.

చెట్టు నిజంగా వాడుకునే నిల్వ వేరు. తెల్లచెక్కలోని బతికున్న కణాల్లో, నార గోడల మధ్య, బెరడు లోపలి పొరలో స్పాంజిలా పట్టి ఉండే నీరది. ఉదయం ఆకు ముందు దాన్నే వాడుతుంది, రాత్రి వేరు మళ్ళీ నింపుతుంది. కాండానికి డెండ్రోమీటర్ పట్టీ కడితే పగలు సన్నబడి రాత్రి ఉబ్బడం మిల్లీమీటరులో పదో వంతుల్లో కనిపిస్తుంది. కొడితే ధార రాదు, వీడియో తీయడానికీ పనికిరాదు.

చెట్లను కొట్టి చూడకండి దయచేసి. ఆ గాయంలోంచే పుచ్చు మొదలవుతుంది.

#3 · ప్రెషర్‌బాంబు

రెండో ప్రశ్నకు ముందు ఒక కొలత తెలియాలి. తెలుగు మీడియం పుస్తకాల్లో "నీటి శక్మం" అని చదివి మర్చిపోయినదే ఇది. నీటిని ఎంత బలంగా లాగి పట్టి ఉంచారో చెప్పే అంకె. చెట్టులో దాదాపు ఎప్పుడూ మైనస్‌లో ఉంటుంది, మెగాపాస్కల్‌లో చెబుతారు. 1 మెగాపాస్కల్ అంటే 10 బార్. కారు టైరులో 2.2 బార్ గాలి ఉంటుంది. మైనస్ 4 దగ్గర ఉన్న ఆకులో దానికి పద్దెనిమిది రెట్ల లాగుడు ఉన్నట్టు.

లాగుడు ఓ హద్దు దాటితే గొట్టంలోకి గాలి బుడగ చొరబడుతుంది. ఆ గొట్టం పని ఆగిపోతుంది, మిగిలిన గొట్టాల మీద భారం పెరుగుతుంది, అవీ ఒక్కొక్కటే పోతాయి. ప్రవాహశక్తి సగం పోయే అంకెను పీ50 అంటారు. పైన్ లాంటి సూదిఆకు చెట్లు పీ50 చుట్టుపక్కలే కోలుకోలేని స్థితికి వస్తాయి. వెడల్పాకు చెట్లు మరింత లాగగలవు, చాలావాటికి పీ88 (ప్రవాహశక్తి 88 శాతం పోయే అంకె) దాకా.

ఇక చెట్టు చేతిలో ఉన్న మీట ఆకు రంధ్రాలు. కొన్ని తొందరగా మూసేస్తాయి, కొన్ని ఆఖరిదాకా తెరిచి ఉంచుతాయి. ఈ తేడాకు ప్రపంచమంతా చెప్పుకునే జంట అమెరికాలోని న్యూ మెక్సికోది: పిన్యన్ పైన్, జూనిపర్. ఒకే నేలలో పక్కపక్కనే పెరుగుతాయి. పిన్యన్ మైనస్ 2 దగ్గరే తలుపులు బిగిస్తుంది. జూనిపర్ మైనస్ 4, 5 దాటినా నడిపిస్తుంది, దాని గొట్టాలు అంత గట్టివి. 2002-03 కరువులో లాస్ అలమోస్ దగ్గర గమనించిన చోట పిన్యన్లు 90 శాతానికి పైగా చచ్చాయి, జూనిపర్లు చాలావరకు నిలిచాయి. జాగ్రత్తపడ్డదే పోయింది. రంధ్రాలు నెలల తరబడి మూస్తే కిరణజన్య సంయోగక్రియ ఆగుతుంది, నిల్వ పిండి తరిగిపోతుంది, బెరడు పురుగును తోసేసే బంక తయారుచేసుకునే శక్తి ఉండదు. పురుగు పని ముగిస్తుంది.

#4 · వేరుకుదురు

జూనిపర్ గెలిచిందని అక్కడే పుస్తకం మూయకండి. 2018లో యూటా ఆగ్నేయంలో వచ్చిన తీవ్ర కరువుకు ఆ "గట్టి" జూనిపర్లే ఎండిపోయాయి. ఆఖరిదాకా తెరిచి ఉంచేవాడికి ఆఖరు వస్తే వెనక్కి తగ్గడానికి చోటుండదు.

పైగా ఈ "తొందరగా మూసేవి, ఆలస్యంగా మూసేవి" అన్న రెండు గంపల్లో మన అడవి ఇమడదు. మన ఆకురాల్చే అడవిలో మూడో మీట ఉంది. తలుపు మూయడం కాదు, ఇల్లే ఖాళీ చేయడం.

#5 · నల్లమల_దారి

గదే చెప్దామనుకుంటున్న. మన దిక్కు అడవిల చూస్తే జాతికొక లెక్క ఉంటది.

టేకు నీళ్ళున్నన్ని రోజులు దండిగ ఖర్చు పెడ్తది. ఒక్కో ఆకు విస్తరంత. దాని చెక్క అడ్డంగ కోసి చూడుండ్రి, ఒక్కో ఏటి వలయం మొదట్ల కంటికి కనవడేటంత పెద్ద రంధ్రాలు వరుసగుంటయి. గొట్టం వెడల్పు రెండింతలైతే పారే నీళ్ళు పదహారింతలైతయి. వానకాలం అంత జోరుగ పెరిగేది అందుకే. అంత పెద్ద గొట్టాల మీద లాగుడు పెరిగితే బుడగ పడుడు ఖాయం, అందుకని ఆకు దులిపేస్తది. మంచి ఏడు సంక్రాంతి దాటినంక గూడ ఆకుంటది. వానలు ముందుగాల ఆగిన ఏడు దీపావళి దాటంగనే పసుపెక్కుతది. కాలువ పక్క టేకు, గుట్ట మీది టేకు ఒకటే జాతి, ఆకు రాలే తారీఖుల నెల రెండు నెలల తేడా.

ఏపి వేరే మనిషి. ఆకు చిన్నగ, రెండు రెక్కలు అతికినట్టు ఉంటది, తోలు లెక్క మందం. చేవ నీళ్ళల్ల మునిగేటంత బరువు. వేసవిల కొన్ని దినాలే పలచబడ్తది, మళ్ళ చిగురు. రాతి నేలల వేరు పగుళ్ళల్ల దిగిపోతది. మొలక కొన్నేండ్లు పైన ఎండుకుంట, కింద వేరు మాత్రం పెంచుకుంట ఉంటది. పైన జానెడు లేని మొక్కను పీకవోతే రాదు.

తునికి ముచ్చట ఇంకో తీరు. ఏప్రిల్, మే నెలల్ల బీడీ ఆకు కోత ఎందుకు? ఎండ 42 డిగ్రీలుండంగ గూడ దానికి లేత ఆకు ఉంటది గనక. ఫిబ్రవరి, మార్చిల కొమ్మ కొడ్తరు, నెలన్నరకు లేతాకు వస్తది, యాభై ఆకులకు ఒక కట్ట. వాన చుక్క లేకుండ కొత్తాకు వేస్తున్నదంటే ఆ నీళ్ళు మీది మట్టిలవి గావు.

#6 · గుట్టకింద

నల్లమల_దారి గారూ, అదే నాకు అర్థం కానిది. వాన లేకుండా చిగురుకు నీళ్ళెక్కడివి? మోదుగ, కొండగోగు కూడా మోడు మీదే పూస్తాయి కదా.

#7 · తెల్లచెక్క

ఆకు రాల్చడమే ఆ నీళ్ళకు దారి. ఆకు ఉన్నంతసేపు లాగుడు ఉంటుంది. ఆకు పోయాక ఖర్చు దాదాపు ఆగిపోతుంది, కానీ లోతు వేరు కొద్దికొద్దిగా తెస్తూనే ఉంటుంది. కొన్ని వారాల్లో కాండం మళ్ళీ నిండుతుంది. లాగుడు సున్నాకు దగ్గరపడ్డాక మొగ్గ విచ్చుకోగలదు. కణం ఉబ్బడానికి లోపలి ఒత్తిడి కావాలి, బిగిసిన చెట్టులో మొగ్గ కదలదు. కోస్టారికా పొడి అడవుల్లోనూ, ఆసియా రుతుపవన అడవుల్లోనూ పనిచేసినవాళ్ళు ఈ వరుసనే చూపించారు: రాలడం, నిండడం, తర్వాత పువ్వో చిగురో. మన అడవుల్లో తొలకరికి నెల, రెండు నెలల ముందే చిగురు రావడం అందుకే. అది వానను చూసి వేసే చిగురు కాదు, పోయిన ఏటి వానను తిని వేసేది.

అందుకే తీవ్ర కరువు ఏడాది చిగురు ఆలస్యమైతే కంగారు పడాల్సింది ఈ ఏటి ఎండ గురించి కాదు. లోపల నిండడానికి నీరు మిగల్లేదన్నమాట.

ఇందులోనే మెత్తచెక్క చెట్ల వర్గం వేరు. తపసి, అండుగు, కొండగోగు, గుంపెన, బొమ్మలు చేసే తెల్లపొణికి. వీటి చెక్కలో నీరు పట్టే చోటు ఎక్కువ, గొట్టాలు మాత్రం నాజూకు. కాబట్టి లాగుడు పెరగనివ్వవు. వర్షాలు తగ్గగానే ఆకు దించేసి, కాండంలో నీళ్ళు పెట్టుకుని, ఏడాదిలో సగానికి పైగా మోడుగా కూర్చుంటాయి. తపసి కాండం మీద కాగితంలా లేచే పొరను గోటితో తీసి చూడండి, కింద లేత ఆకుపచ్చ. అండుగుకీ అంతే. ఆ పచ్చ పొర బయటి గాలికి రంధ్రాలు తెరవకుండా, చెట్టు ఊపిరిలో వదిలిన బొగ్గుపులుసు వాయువునే మళ్ళీ పట్టి పిండి చేస్తుంది. నీటి ఖర్చు నామమాత్రం. బండరాళ్ళ గుట్ట నెత్తిన ఇవే ఎందుకు మిగులుతాయో అందులో ఉంది.

#8 · ప్రెషర్‌బాంబు

కొలిచి చూడాలనుకునేవాళ్ళకు (ఇక్కడ ఫారెస్ట్రీ విద్యార్థులు చాలామంది ఉన్నారు కాబట్టి) ప్రెషర్ చాంబర్ సంగతి. కోసిన ఆకును మూసిన గదిలో పెట్టి, బయటికి ఉన్న కాడ చివర నీరు తేలేదాకా గాలి ఒత్తి, లాగుడు ఎంతో చెప్పే పరికరం ఇది.

తెల్లవారుజామున 4 నుంచి 5 గంటల మధ్య ఒక కొలత, మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్య ఇంకొకటి. తెల్లవారుజామున చెట్టు దాదాపు మట్టితో సమానమై ఉంటుంది, కాబట్టి ఆ అంకె వేరు తాగే చోట మట్టి ఎంత తడిగా ఉందో చెబుతుంది. మధ్యాహ్నపు అంకె చెట్టు ఎంత దూరం లాగనిస్తోందో చెబుతుంది. ఆకును కోయకముందే పాలిథిన్ సంచిలో పెట్టి బిగించండి. కాండం అంకె కావాలంటే సంచి మీద అల్యూమినియం రేకు చుట్టి గంట ఆగి కోయాలి. కొత్త బ్లేడుతో ఒక్క కోత. రెండోసారి కోయకూడదు. నిమిషం లోపల చాంబర్లోకి. నైట్రోజన్ నెమ్మదిగా వదలాలి, తొందరపడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. కోత ముఖం తడిసి మెరిసిన క్షణాన ఆపి చదవాలి. కళ్ళద్దాలు తప్పనిసరి, కాడ ఎగిరి కంటికి తగిలితే ప్రమాదం.

ఎక్కువగా చెడేది ఎక్కడంటే, గుంపెన, తపసి లాంటి బంక చెట్లలో, పాలకొడిశ లాంటి పాల చెట్లలో ముందుగా వచ్చేది జైలం (తెల్లచెక్క గొట్టాల) నీరు కాదు, బంకో పాలో. దాన్ని చూసి ఆపేస్తే చెట్టు హాయిగా ఉన్నట్టు తప్పుడు అంకె వస్తుంది. అద్దుడు కాగితంతో తుడుస్తూ, భూతద్దంలో చెక్క భాగాన్నే చూడాలి. టేకుతో ఇంకో బాధ. ఆకు చాంబర్లో పట్టదు, కాడ పొట్టిగా లావుగా ఉంటుంది, రెమ్మ అయితే నలుపలకలుగా ఉండి రబ్బరు బిరడా చుట్టూ గాలి కారుతుంది. చిన్న ఆకు ఎంచుకుని, ఈనె వెంబడి చుట్టి పెట్టడమే మార్గం.

చాలా చాంబర్లు 4 మెగాపాస్కల్‌కే పరిమితం. ఏప్రిల్‌లో గట్టిచెక్క చెట్ల మీద ఆ హద్దు తగిలే అవకాశం ఉంది. అప్పుడు "4 కంటే ఎక్కువ" అని రాయండి. 4 అని రాయడం అబద్ధం.

#9 · కడప_క్వార్ట్‌జైట్

మంచి వివరం. ఒక్క చేర్పు. తలుపు మూసినంత మాత్రాన కారడం ఆగదు. ఆకు మైనపు పొర గుండా, సరిగ్గా మూతపడని రంధ్రాల గుండా ఎప్పుడూ కొంత పోతూనే ఉంటుంది. కరువు ముదిరాక చెట్టు ఎన్నాళ్ళు బతుకుతుందనేది ఈ కారుడే తేలుస్తుంది, తలుపు ఎప్పుడు మూసిందన్నది కాదు.

దీన్ని కొలవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. సాయంత్రం కొమ్మ కోసి కాడ నీళ్ళలో ముంచి రాత్రంతా ఉంచండి. పొద్దున పది ఆకులు కోసి కాడ చివర వాసెలిన్ పూసి, దారానికి వేలాడదీసి, నీడలో ఫ్యాన్ పెట్టండి. బంగారం తూచే 0.01 గ్రాముల తక్కెడ మీద అరగంటకోసారి పదీ కలిపి తూచాలి. మొదట బరువు గబగబా తగ్గుతుంది, అది రంధ్రాలు మూసుకునే దశ. తర్వాత గీత తిన్నగా సాగుతుంది. ఆ తిన్నని భాగమే మీకు కావలసింది.

ఉదాహరణకు లెక్క: పది ఆకుల ఒకవైపు వైశాల్యం 1000 చదరపు సెంటీమీటర్లు, రెండు వైపులా కలిపి 0.2 చదరపు మీటరు. గంటకు 0.9 గ్రాములు పోయిందనుకుందాం. 18తో భాగిస్తే 0.05 మోల్, సెకనుకు 13.9 మైక్రోమోల్. వైశాల్యంతో భాగిస్తే 69. గది 30 డిగ్రీలు, తేమ 50 శాతం అయితే గాలి దాహం (వీపీడీ) 2.12 కిలోపాస్కల్, అంటే వాతావరణ ఒత్తిడిలో 0.021 వంతు. 69ని దానితో భాగిస్తే సుమారు 3300 మైక్రోమోల్, అంటే 3.3 మిల్లీమోల్. చాలా జాతులు 1 నుంచి 10 మధ్యలో ఉంటాయి.

ఇప్పుడు అదే ఆకును 42 డిగ్రీలు, 20 శాతం తేమలో పెట్టండి. గాలి దాహం 6.5 దాటుతుంది. ఆకు ఏమీ మారకపోయినా కారుడు మూడింతలు. పైగా 40 చుట్టుపక్కల చాలా ఆకుల మైనపు పొర సడలి కారుడు ఇంకా పెరుగుతుంది. వాన లోటు అంతే ఉన్నా వడగాలి కలిసిన కరువు వేరే జబ్బు అనడానికి కారణం ఇది.

ఆకు రాల్చే చెట్టు ఈ కారుడును ఒక్క దెబ్బతో దాదాపు సున్నా చేసుకుంటుంది. శేషాచలం, లంకమల గుట్టల మీద ఎర్రచందనం చేసేది అదే. క్వార్ట్‌జైట్ పగుళ్ళలో ఇరుక్కున్న కాస్త తేమతో వేసవిలో ఆకు మోయడం దండగ.

#10 · కందకం

అంటే లోతు వేరు ఉన్న చెట్టు పెడితే సరిపోతుంది కదా? ఏపి, తునికి లాంటివి. మీదిమట్టి ఎండినా వాటికి ఢోకా లేదు. మొక్కల ఎంపికలో లోతు వేరునే మొదటి మార్కుగా పెట్టుకోవచ్చని నా అభిప్రాయం.

#11 · వేరుకుదురు

కందకం గారూ, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

తమిళనాడులోని ముదుమలై అడవిలో 1988 నుంచి 50 హెక్టార్ల స్థలంలో ప్రతి చెట్టునూ లెక్కపెడుతూ వస్తున్నారు. బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ళ పని. రెండు దశాబ్దాల పెరుగుదల లెక్కలకు మట్టి లోతుల్లోని నీటి లెక్కను జోడించి, 12 సాధారణ జాతులు ఏ లోతున తాగుతున్నాయో అంచనా కట్టారు. ఆ పని 2018లో అచ్చయింది. వరసగా కొన్నేళ్ళు కరువు వచ్చినప్పుడు ఎక్కువ చచ్చింది ఎవరు? లోతున తాగేవే.

ఎందుకో ఆలోచిస్తే సబబే. మీది మట్టి ఒక్క మంచి వానకు తడుస్తుంది. లోతు మట్టి నిండాలంటే పైదంతా తడిసి, పై చెట్లన్నీ తాగగా మిగిలి, కిందికి దిగాలి. అందుకు కొన్ని ఏళ్ళు పడుతుంది. లోతు నీరు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది, ఒక ఏడాది కరువుకు బ్రహ్మాండం. నాలుగేళ్ళ కరువులో అది కరిగిపోయిందా, వాన పడ్డా ఖాతాలో పడదు. మీదున్నవాడు ఏడాదికోసారి చస్తూ బతుకుతూ అలవాటు పడి ఉంటాడు.

కాబట్టి "కరువుకు తట్టుకునేది" అన్న మాటకు ముందు "ఏ కరువుకు?" అని అడగాలి. ఒక్క ఏడాదిదా, వరస ఏళ్ళదా, వడగాలితో వచ్చినదా, వానలు ఆలస్యమైనదా. ఒక్కో దానికి జాబితా తారుమారవుతుంది.

లోతుకు హద్దు మట్టిలోనే ఉంది, చెట్టులో కాదు అనేది ఇంకో విషయం. అరిజోనాలో గని తవ్వుతుంటే 53 మీటర్ల లోతున మెస్కీట్ వేరు దొరికింది, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం అది. కర్ణాటకలో హోసకోట దగ్గర నీలగిరి తోటలు 8 మీటర్ల లోతు మట్టి నీరు దాకా తాగేసినట్టు కొలిచారు. వేరు పోగలిగినంత దూరం పోతుంది. అక్కడ నింపేది ఎవరనేదే ప్రశ్న.

#12 · కందకం

ఒప్పుకున్నాను. ఇలా ఆలోచించలేదు.

#13 · నల్లమల_దారి

లెక్క చిన్నగ చెప్త. చల్కా భూమి మీటరు లోతుకు మహా అయితే 100 మిల్లీమీటర్ల నీళ్ళు చెట్టుకు ఇయ్యగలది. రేగడి 150 నుంచి 200. ఆకుల నిండ ఉన్న అడవి రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లు తాగుతది. చల్కల మీటరు నీళ్ళు నలభై దినాలు. అక్టోబరుల వానలు ఆగితే నవంబరు ఆఖరుకు ఒడిసినట్టే. జూన్ దాక ఆకు ఉంచుకునుడు ఎట్ల కుదుర్తది? దులుపుడో, దిగుడో, రెండే.

రేగడిల ఎక్కువ నీళ్ళుంటయి గని గట్టిగ పట్టుకుంటది, పైకెల్లి పగుళ్ళిచ్చి సన్న వేర్లను తెంపుతది. నల్లమద్ది గసొంటి జిగట నేలల్ల నిలుస్తది, టేకుకు నీళ్ళు జారిపోయే నేల కావాలె. చిరుమాను బండ మీద. అడవిల ఎక్కడ ఏముందో చూస్తే మట్టి పరీక్ష అక్కర లేదు.

#14 · విద్యార్థి_2వ_ఏడు

సార్, సాప్ ఫ్లో ప్రోబులు (గ్రానియర్ రకం: కాండంలో గుచ్చే జంట సూదులు, ఒకటి వేడిది, రెండింటి వేడి తేడాను బట్టి పారే నీటి వేగం తెలుస్తుంది) టేకుకు పెడితే ప్రవాహం చాలా తక్కువ చూపిస్తోంది, పక్కన నల్లమద్ది బానే ఉంది. వైరింగ్ రెండుసార్లు చూశాం. టేకు నిజంగా అంత తక్కువ తాగుతుందా?

#15 · ప్రెషర్‌బాంబు

ముందు చెప్పండి, టేకు తెల్లచెక్క మందం కొలిచారా? ఇంక్రిమెంట్ బోరర్‌తో ఒక కోర్ తీయండి. టేకులో తెల్లచెక్క పలచన, ప్రోబు సూది 20 మిల్లీమీటర్లు. సూది చివర చేవలోకి పోతే ఆ భాగం చుట్టూ ప్రవాహం ఉండదు, వేడి అక్కడే నిలుస్తుంది, మొత్తానికి చెట్టు నీళ్ళు తాగనట్టు కనిపిస్తుంది.

అంకెల్లో చూడండి. రాత్రి ప్రవాహం లేనప్పుడు రెండు సూదుల తేడా 10 డిగ్రీలు, మధ్యాహ్నం 8 అనుకుందాం. కే విలువ (10 − 8) ÷ 8 = 0.25. దాన్ని 1.231 ఘాతానికి తీసి 0.000119తో గుణిస్తే సెకనుకు మీటర్లలో వేగం, గంటకు మార్చితే సుమారు 7.8 సెంటీమీటర్లు. ఇప్పుడు సూదిలో సగం చేవలో ఉందనుకోండి. చేవలోని సగం ఎప్పుడూ 10 దగ్గరే ఉంటుంది, కాబట్టి తెల్లచెక్కలోని సగం నిజంగా 6 దగ్గర ఉన్నట్టు. కే 0.67, వేగం గంటకు సుమారు 26 సెంటీమీటర్లు. మూడింతలకు పైగా తేడా. జాతి గుణం అనుకుని థీసిస్ రాసేస్తే అంతే సంగతి.

10 మిల్లీమీటర్ల సూదులు వాడండి, లేదా పై సవరణ చేయండి. కాండానికి ఎండ తగలకుండా రేకు కప్పాలి. టేకు ఆకు రాల్చాక మోడు కాండం నేరుగా వేడెక్కుతుంది, అప్పుడు హీటరు ఆపి ఒక రోజు చదివితే సహజంగా ఉన్న తేడా ఎంతో తెలుస్తుంది, దాన్ని తీసేయాలి. ఇంకోటి, రాత్రి తేడానే "సున్నా ప్రవాహం" అనుకుంటున్నారు కదా. మెత్తచెక్క చెట్లు రాత్రంతా కాండం నింపుకుంటాయి. ఆ రాత్రి సున్నా సున్నా కాదు. వాన కురిసి, గాలి తేమతో నిండిన రాత్రిని ఎంచుకోండి.

#16 · విద్యార్థి_2వ_ఏడు

కోర్ తీశాం సార్. తెల్లచెక్క 11 మిల్లీమీటర్లే. 😐

#17 · కడప_క్వార్ట్‌జైట్

😀 జవాబు దొరికింది కదా. సూదిలో దాదాపు సగం చేవలోనే.

#18 · కందకం

మొక్కలు పెట్టేవాళ్ళ వైపు నుంచి రెండు ముక్కలు, ఎందుకంటే పైన చెప్పిందంతా నర్సరీలోనే పాడవుతోంది.

లోతు వేరు జాతిని చిన్న పాలిథిన్ సంచిలో ఏడాది పెంచితే తల్లివేరు అడుగున తగిలి స్ప్రింగులా చుట్టుకుంటుంది. నాటాక అది విప్పుకోదు. రెండేళ్ళు బాగానే ఉన్నట్టుండి, మూడో వేసవిలో ఎండిపోతే పీకి చూడండి, చుట్ట అలాగే ఉంటుంది. ఏపికి ఇది మరీ శాపం. దానికి గింజనే నేరుగా గుంటలో వేయడం మేలు, లేదంటే అడుగు తెరిచిన లోతు గొట్టాల్లో పెంచి చిన్నప్పుడే నాటేయాలి. టేకును కాండం కోసేసి వేరుముక్కగా (స్టంప్) నాటే పాత పద్ధతి ఊరికే రాలేదు. ఆకు లేదు కాబట్టి ఖర్చు లేదు, వేరులో పిండి ఉంది కాబట్టి చిగురుకు ఆధారం ఉంది.

నాటే ముందు మూడు నాలుగు వారాలు నీడ తీసేసి, నీళ్ళ మధ్య ఎడం పెంచుతూ పోవాలి. నర్సరీలో రోజూ తడి చూసిన ఆకుకు మైనపు పొర పలచన, కడప_క్వార్ట్‌జైట్ గారు చెప్పిన కారుడు ఎక్కువ. అలాంటి మొక్క గుట్ట మీద మొదటి వారంలోనే మాడుతుంది.

మొదటి వేసవిలో నీళ్ళు పెట్టే వీలుంటే రోజూ రెండు లీటర్లు పోయకండి. అది మీది జానెడు మట్టినే తడిపి వేరును పైకి పిలుస్తుంది. పది, పదిహేను రోజులకోసారి 15-20 లీటర్లు, నెమ్మదిగా ఇంకేలా. కందకాలు వాలుకు అడ్డంగా, వంతులు తప్పించి.

#19 · గుట్టకింద

చివరిగా ఒకటి. కరువు ఏడాది ఎండినట్టున్న చెట్లను "చచ్చినవి" అని గుర్తు వేసి కొట్టేస్తుంటారు. చచ్చిందో, నిద్రపోతోందో చూసి చెప్పడం ఎలా?

#20 · తెల్లచెక్క

మొదట ఆకులు ఎక్కడున్నాయో చూడండి, కిందా పైనా?

ఆకు రాల్చడం చెట్టు బతికుండి చేసే పని. కాడ మొదట్లో ప్రత్యేకమైన పొర కట్టి, ఆకులోని సారం వెనక్కి లాక్కుని, తర్వాత వదులుతుంది. రాలిన చోట శుభ్రమైన మచ్చ ఉంటుంది. నేలంతా ఆకు, కొమ్మ మోడు అంటే చాలావరకు చెట్టు తన లెక్క ప్రకారం నడుస్తోంది. కొన్ని జాతుల్లో కాడ గొట్టాలు కొమ్మ గొట్టాలకంటే ముందు తెగుతాయి, ఇంట్లో ఫ్యూజు పోయినట్టు. ఆకు పోయినా కొమ్మ మిగులుతుంది.

గోధుమరంగుకు తిరిగి, ముడుచుకుని, కొమ్మకే వేలాడుతున్న ఆకు వేరే కథ. పొర కట్టేలోపే నీటి దారి తెగింది. పట్టి లాగితే కాడతో రాదు, చిరిగి వస్తుంది. కొమ్మల చివర మాత్రమే అలా ఉంటే ఆశ ఉంది, పైనుంచి సగం దాకా అలా ఉంటే కష్టం.

తర్వాత గోరు పరీక్ష. వేలిమందం రెమ్మ మీద బెరడు గీకితే తడి పచ్చ కనిపించాలి. లేకపోతే ఒక్కో మీటరు కిందికి దిగుతూ గీకండి, కాండం మొదలు దాకా. తపసి, అండుగుల్లో పచ్చ పొర ఎండినా లోపలి తెల్లచెక్క తడిగా ఉండవచ్చు, కాబట్టి చిన్న చాకుతో ఇంకాస్త లోతు చూడాలి. బెరడు మీద రంపపు పొట్టులాంటి పొడి, సన్నని రంధ్రాలు ఉంటే పురుగు చేరింది, ఆ చెట్టును విడిగా రాసుకోండి.

#21 · వేరుకుదురు

దానికి తోడు, ఒక్క వేసవిలో చూసి గుర్తు వేయొద్దు. గొట్టాలు సగం పోయిన చెట్టు ఆ ఏడు పచ్చగానే కనిపించి, తర్వాతి ఏడో ఆపై ఏడో పోతుంది. ఎండిందనుకున్నది తొలకరి తర్వాత మొదలు నుంచి పిలక వేస్తుంది. టేకు, తునికి, మోదుగ అందులో దిట్టలు. రెండు వానాకాలాలు చూసి, ఆగస్టులో ఒకసారి, డిసెంబరు లోపు ఒకసారి అదే చెట్టుకు అదే నంబరుతో రాయండి. పెద్ద చెట్లకు వేరే పట్టిక పెట్టండి. అమెజాన్‌లో కషియువానా దగ్గర 2002 నుంచి ఒక హెక్టారు అడవిలో కురిసే వానలో సగాన్ని ప్లాస్టిక్ పలకలతో పక్కకు మళ్ళించి చూస్తే, ముందుగా కూలినవి పెద్ద మానులే. పిండి నిల్వ ఉండగానే నీటి గొట్టాలు తెగి పోయాయి.

#22 · గుట్టకింద

పట్టిక గీసుకున్నాను: చెట్టు నంబరు, చుట్టుకొలత, ఆకు కిందా పైనా, గోరు పచ్చ ఎంత ఎత్తులో, పొడి ఉందా లేదా. ఇంకేమన్నా నిలువు వరస కావాలా?

#23 · నల్లమల_దారి

మట్టి రంగు, వాలు ఏ దిక్కు. దక్షిణం వాలు చెట్లు ముందుగాల ఎండుతయి. గది రాయకపోతే రేపు జాతి మీద నింద వేస్తరు.